తొట్టెకు తెలియని కల్లాపి

"నిన్నటి నుంచి మూడుసార్లు మూత్రం. అంతా సాధారణం," అంది ఇసుక తొట్టె.

కాకినాడలో ఇప్పుడు పిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ, తనలో పడ్డ తడిని లెక్కపెట్టి ఇలా మాట్లాడే తొట్టె ఉంది. అది బాగుందంటే డాక్టర్లు ఇక పిల్లిని చూడరు.

కానీ పద్నాలుగేళ్ల గండుపిల్లి భీముడు తొట్టెలో కూర్చుని ముక్కుతూ అరుస్తున్నాడు. వాణ్ని పెంచుకుంటున్న మాణిక్యాంబ వాడి పొట్ట తడిమింది. బత్తాయికాయలా గట్టిగా తగిలింది. వెంటనే పశువుల డాక్టరు నస్రీన్‌కి ఫోన్ చేసింది.

"తొట్టె బాగుందంటోంది కదండీ, పిన్నిగారూ?"

"దాని మొహం! దుమ్ము లేవకుండా వాకిలితోపాటు దాని మీదా పొద్దున, సాయంత్రం కల్లాపి చల్లుతూ..."

మాణిక్యాంబ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. నిన్న రెండుసార్లు, ఇవాళ ఒకసారి. తొట్టె లెక్కపెట్టింది ఆ నీళ్లనేనని నస్రీన్‌కి చెప్పింది.

"ఆటో ఎక్కండి! మూత్రం బిగుసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది."

నస్రీన్ గొట్టం వేసి అడ్డు తీసింది. నాలుగో రోజు ఇంటికొచ్చిన భీముడు తొట్టె వైపు చూడనైనా చూడకుండా, వాకిట్లో అప్పుడే వేసిన ముగ్గు నడిమధ్య కూర్చుని ధారగా తడిపేశాడు.

"ఈరోజు మూత్రం లేదు. ప్రమాదం!" అని అరిచింది తొట్టె.

"నోర్ముయ్యవే. నేను చూశాను," అంటూ మాణిక్యాంబ మళ్లీ ముగ్గుగిన్నె అందుకుంది.