వెర్లిన్ వాటా

నార్త్ కరోలినాలో ఆ కార్ల రేసు ట్రాకు మూతపడి ఏళ్ళయింది. ముసలి మెకానిక్ వెర్లిన్ మాత్రం రోజూ చీకటిపడ్డాక షెడ్డు ఊడ్చి, ఒకప్పటి రేసు డ్రైవరు డెవిట్ నడిపిన కారు తుడిచి, తాళం వేసి పోతాడు.

"ఇక ఆ డొక్కు కారుతోనే కాపురం పెట్టు," అని బయట ట్రక్కులోంచి భార్య ఓనా సణిగింది. "రొట్టె చల్లారిపోయింది."

"వస్తున్నానే."

లైటు ఆర్పగానే కారు లోపల టప్‌మంది. వేరుశనగ కాయ ఒలిచిన చప్పుడు. కాస్త ఆగి ఇంకోటి, మళ్ళీ ఇంకోటి.

రేసు షెడ్డులోకి వేరుశనగ కాయలు తేవడమంటే చావును పిలిచి పీట వెయ్యడమేనని రేసువాళ్ళ నమ్మకం. డెవిట్ ఒక్కడే దానికి నవ్వేవాడు. కొన్ని తను నమిలి, కొన్ని ఒలిచి బానెట్ మీద పెట్టేవాడు.

"నీ వాటా తినరా, పిరికోడా."

"నీకేం పోయేకాలంరా," అంటూ వెర్లిన్ వాటిని తోసేసేవాడు. డెవిట్ మూడో మలుపులో గోడకు గుద్దుకుని పోయిన రోజు కూడా అలాగే తోసేశాడు.

ఇప్పుడు చీకట్లో బానెట్ తడిమాడు. ఒలిచిన రెండు గింజలు వేళ్ళకు తగిలాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

తోసెయ్యడానికి చెయ్యి లేచింది. కానీ ఇన్నేళ్ళ అలసట ఆ చేతిని లాగేసింది. గింజలు నోట్లో వేసుకున్నాడు.

కారు లోపల ఒలవడం ఆగిపోయింది, అతను నమలడం ఎవరో వింటున్నట్టు.