సున్నా మంది ప్రయాణికులు

"సున్నా అని రాసిందెవురు సార్? ఆ చెయ్యి ఒకసారి చూపించు, చూస్తా!"

చెన్నమ్మ అరిచిన అరుపుకు చెలిమిపల్లె బడిలో మీటింగు ఠక్కున ఆగిపోయింది. నల్లబల్ల మీద పెద్ద పటం వేలాడుతోంది. అనంతపురం, ధర్మవరం పెరిగి పెరిగి ఒకటే మహానగరం కాబోతున్నాయట. ఒక్కో ట్రిప్పుకు వెయ్యిమందిని మోసే రైలు వాటి మధ్య నడుస్తుందట. అంతమందికీ మంచినీళ్లు ఎక్కడినుంచి వస్తాయో మాత్రం ఆ పటంలో లేదు. ఎర్రచుక్క పెట్టిన చోటల్లా స్టేషన్. బత్తలపల్లెకు చుక్క ఉంది. చెలిమిపల్లెకు లేదు. రైలు ఈ ఊరి చేలను చీల్చుకుంటూ పోతుంది కానీ ఈ ఊళ్లో ఆగదు.

"స్టేషన్ ఇవ్వాలంటే రోజూ కనీసం నూరుమంది ఎక్కాలమ్మా," అన్నాడు విజయవాడ నుంచి వచ్చిన ప్లానింగ్ ఇంజనీరు హరినాథ్. "మీ ఊరినుంచి రోజూ ప్రయాణం చేసేవాళ్లు సున్నా."

"పొద్దన్నే ఏడింటికి రోడ్డుకాడికి రా సార్. ఒక్కో ఆటోలో పదిహేడుమంది పోతాండారు ధర్మవరానికి. నా కూతురు హేమావతి వెనక కడ్డీ పట్టుకోని యాలాడతా పోయి, పోయిన నెల మలుపులో జారి పడె. కాలు విరిగె. ఇప్పుడు ఆ సిమెంటు కట్టుతోనే మళ్లీ అదే ఆటోలో పోతాంది. నా బిడ్డ సున్నానా?"

వెనక బెంచీల్లో జనం లేచి నిలబడ్డారు.

"ఫ్యాను కింద కూర్చోని రాసుకున్న లెక్కలివి!" అన్నాడు ఆదెప్ప.

"మా చేన్లు కావాల, మేము మాత్రం వద్దా?" అంది కదిరమ్మ.

వాళ్ల కోపంలో తప్పేముంది? కాలు విరిగినవాళ్లకు కాక మరెవరికి వస్తుంది కోపం?

హరినాథ్ సంచిలోంచి లావుపాటి ఫైలు తీశాడు. "మేము ఊహించి రాయలేదు. ఇంటింటికీ మనుషుల్ని పంపాం. మూడువందల పది ఇళ్లు. రోజూ బయటి ఊరికి పనికి వెళ్లేవాళ్లు ఎందరని అడిగితే అన్ని ఇళ్లవాళ్లూ ఎవరూ లేరనే చెప్పారు. ఇవిగో సంతకాలు."

చెన్నమ్మ వంగి చూసింది. మూడో కాగితంలో వంకరటింకరగా ఆమె సంతకమే. దాని కింద ఆదెప్ప వేలిముద్ర.

"ఇది మీదేనా?" అడిగాడు హరినాథ్.

"నాదే."

"మరి ఎందుకమ్మా అబద్ధం చెప్పారు?"

"ఎందుకా?" ఆమె గొంతు మళ్లీ లేచింది. "పోయినేడు ఇట్లే ఒకాయప్ప ట్యాబు పట్టుకోనొచ్చి కరెంటు బిల్లు ఎంతొస్తాదని అడిగె. ఉన్నదున్నట్టు చెప్తిమి. రెండు నెలలకే మా యమ్మ పింఛను పోయె. ఇంగొకాయప్ప వచ్చి మీ పిల్లోడు ఏం పని చేస్తాడని ఆదెప్ప మామను అడిగె. ఆయన నిజం చెప్పె. బియ్యం కార్డు పోయె. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరు అడిగేదే ఉన్నది పీక్కునేదానికి! నా కూతురు పట్టుచీరల అంగట్లో పని చేస్తాదని చెప్తే నాకు కార్డు ఉంటాదా సార్?"

హరినాథ్ తల దించుకున్నాడు. అంతమంది ఎందుకు అబద్ధం చెప్పి ఉంటారని అతనికి అప్పటిదాకా ఒక్కసారి కూడా తట్టలేదు. అందుకు సిగ్గేసింది.

"నాకు రైలెక్కేవాళ్ల లెక్క చాలమ్మా. కార్డులతో నాకు పనిలేదు. సాయంత్రానికి ప్లాను పంపేయాలి. ఇప్పుడైనా పేర్లు చెప్పండి, చుక్క పెడతాను."

ఎవరూ నోరు విప్పలేదు. అప్పటిదాకా పక్కన కుర్చీలో కూర్చున్న జయరాముడు లేచాడు. ఊరి సచివాలయంలో కొత్తగా చేరిన ఉద్యోగి. ఈ ప్రాంతం మనిషే.

"ఏమప్పా, నోరుండేది అరిచేదానికేనా? సారు ఇంతగా చెప్తాంటే ఇంగా ఏమి బయం? పేరు, ఇంటి నంబరు, యాడ పని చేస్తారు, అన్నీ గట్టిగా చెప్పండి. లెక్క గట్టిగా ఉంటే మీ స్టేషన్ ఎవురూ కొట్టేయలేరు. నేను రాస్తా." కాగితాలు, పెన్ను ముందుకు లాక్కున్నాడు.

చెన్నమ్మ ముందుకు వచ్చింది.

"రాసుకోప్పా. హేమావతి. చీరల అంగడి. రోజూ పోతాది."

"నా కొడుకు ఆంజి. తాపీ పని," అన్నాడు ఆదెప్ప.

"నా కోడలు అశ్విని. ఆస్పత్రిలో ఆయా," అంది కదిరమ్మ.

ఇక పేర్ల మీద పేర్లు. జయరాముడు చెయ్యి నొప్పి పుట్టినా ఒక్క పేరూ వదల్లేదు. నూట నలభై మూడు. హరినాథ్ స్వయంగా ఎర్రపెన్ను తీసి చెలిమిపల్లె మీద చుక్క పెట్టాడు. ఎవరో ఈల వేశారు. చెన్నమ్మ పటం దగ్గరికి వెళ్లి, చెరిగిపోతుందేమోనని చుక్కను వేలితో రుద్ది చూసింది. పోలేదు.

"ఇంతదానికి మా చేత ఎన్ని మాటలు అనిపిస్తిరి సార్!" అని నవ్వుతూ బయటికి నడిచింది. ఆమె వెనకే ఊరంతా కదిలింది.

బడి ఖాళీ అయ్యాక హరినాథ్ పేర్ల కాగితాల కోసం చెయ్యి చాపాడు. జయరాముడు వాటిని వరసగా పేర్చుకుని లేచాడు.

"ఒక్క నిమిషం సార్, జిరాక్సు తీసుకోని ఇస్తా. కార్డులు కోసెయ్యాల్సినోళ్ల లిస్టు పంపమని మూడు నెలలుగా పైనుంచి ఒకటే ఫోన్లు, ఇంతవరకూ ఈ ఊర్లో ఒక్కరి నోటినుంచీ నిజం రాల్యా!"