దొరసానికో రాయి

“సున్నం పూసినంత మాత్రాన సమాధి నీదైపోతుందా పౌలూ?” అన్నాడు సంఘపెద్ద జీవానందం. మార్కాపురం పాత సమాధుల తోట గేటు దగ్గర అప్పటికే జేసీబీ వచ్చి ఆగి ఉంది.

పౌలు చేతిలో కుంచె అట్లాగే ఉండిపోయింది. రేపు సమాధుల పండగ. ఏటా వచ్చినట్టే పొద్దున్నే వచ్చి, తల్లి వెంకాయమ్మ సమాధికీ, తలాపున నిలబెట్టిన పలకరాయికీ సున్నం కొట్టాడు. అదింకా ఆరనే లేదు.

“మా యమ్మదేన్నా ఇది. అందరికీ తెల్సు.”

“తెలిస్తే చాలదబ్బీ. కొత్తగా పోయినోళ్లకు జాగా లేదు. పేరు కనపడని సమాధులన్నీ చదును చేయాలని తీర్మానం అయిపాయె. నీ రాయి మీద పేరేదీ?”

“మరి దాన్ని తీస్తారా?” పౌలు పక్కనే ఉన్న రాళ్లకుప్పను చూపించాడు.

జీవానందం ఓ అడుగు వెనక్కి వేశాడు. ఆ కుప్ప కింద దొరసాని ఉందని ఊరంతా చెప్పుకుంటారు. తెల్లదొరల కాలంలో పురిట్లో పోయి, బిడ్డ కోసం ఇంకా తిరుగుతోందట. అటు నడిచినవాళ్లు ఆమె మీద ఓ రాయి విసిరి పోవాలి. లేకపోతే ఇంటిదాకా వెంట వస్తుంది. బైబిలు చంకన పెట్టుకున్న పెద్దమనుషులు కూడా పట్టపగలు విసిరే పోతారు, ఎందుకొచ్చిన గొడవని.

“దాని జోలికి ఎవురు పోతారు? ముట్టనని డ్రైవరు ముందే చెప్పినాడు.”

పౌలు కుంచె పక్కన పడేశాడు. “దయ్యానికున్న మర్యాద మా యమ్మకు లేకపాయె!” అంటూ వంగి, సున్నం చేతుల్తోనే రాయి తీసి కుప్ప మీదికి విసిరాడు. ఏటా సున్నం కొట్టి వెళ్లిపోతూ విసిరేదే. ఈసారి కోపం కూడా కలిసింది.

“పేరు యాడికి పోతది? సున్నం కిందుంటది. మా నాయన పలకల గనిలో పనిచేసినోడు. నేను చిన్నపిల్లోడిగా ఉన్నప్పుడు సొంత చేత్తో చెక్కినాడంట. దొరసాని పక్కనే, గుర్తుపెట్టుకో అని పోయేముందు చెప్పినాడు.”

“అయితే గీకు. కనపడితే నేనే జేసీబీని ఎనక్కు పంపిస్తా.”

పౌలు తాపీ తీసుకుని గీకాడు. తన చేత్తో ఏళ్ల తరబడి పూసిన సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. లోపల నల్లరాయి బయటపడింది. దాని మీద అక్షరాలు.

“ఉందన్నా! పేరుంది!” పౌలు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తనకు చదువు రాదు. “చదువన్నా, గట్టిగా చదువు.”

జీవానందం కళ్లజోడు సర్దుకుని వంగాడు. అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

“ఇంగ్లీషులో ఉంది పౌలూ. ఎమిలీ అంట. పద్దెనిమిది వందల తొంభై ఆరు. దొర భార్య.” ఆయన రాయి మీంచి చేయి తీసేశాడు. “దొరసాని సమాధి ఇదేరా.”

“మరి మా యమ్మేది?”

ఇద్దరూ పక్కనున్న రాళ్లకుప్ప వైపు చూశారు.

పౌలు కుప్ప మీద పడి రాళ్లు లాగిపారేయడం మొదలుపెట్టాడు. గోళ్లు చీరుకుపోయినా ఆగలేదు. అన్నిటికంటే కింద ఓ చిన్న పలకరాయి దొరికింది. రాళ్ల దెబ్బలకు రెండు ముక్కలైంది. ముక్కలు రెండూ కలిపి పట్టుకుని జీవానందం చదివాడు. వంకరటింకర తెలుగు అక్షరాల్లో వెంకాయమ్మ అని ఉంది.

పౌలు ఏడవలేదు. ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

జీవానందం ఏం చేయాలో తోచక, పక్కన పడ్డ రాళ్లలో ఒకదాన్ని ఎత్తి చూశాడు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి.

“ఏందిది పౌలూ? అడుగున ఉన్న రాళ్లకు గూడా సున్నం ఎట్లంటింది?”

పౌలు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.