గుమ్మం ముందు కుర్చీ

"ఆ కుర్చీ తీసేయండి!"

కారు దిగుతూనే షెల్బీ అరిచింది.

అమ్మకానికి పెట్టిన ఇంటి గుమ్మాన్ని ఆనుకుని, కాలిబాట మీద మడత కుర్చీ వేసుకుని ఒక ముసలామె కూర్చుంది. నెత్తిన గడ్డి టోపీ, ఒళ్లో కాగితం సంచి.

ఎడారి నగరం టూసాన్ పాత పేటలో నూట నలభై ఏళ్ల నాటి మట్టి ఇల్లు అది. మూడేళ్లు మరమ్మతులు చేసి పెళ్లికూతురిలా ముస్తాబు చేశారు. అమ్మిపెట్టే బాధ్యత షెల్బీది. షెల్బీ చేతిలో పడ్డ ఇల్లు అమ్ముడుపోకుండా ఉండదని ఊరంతా అంటుంది. అందరికంటే గట్టిగా షెల్బీయే అంటుంది.

"కాలిబాట అందరిదీ కదమ్మాయ్!" ముసలామె నవ్వింది.

"అందరిదీ అయితే ఇంకోచోట కూర్చోండి. పదింటికి కొనేవాళ్లు వస్తున్నారు. చూసి ఏమనుకుంటారు?"

"ఇంటికి కాపలా ఉందనుకుంటారు."

"కాపలాకి కెమెరాలున్నాయి!"

"అవి ఇలా మొక్కజొన్నపిండి టమాలెలు పెట్టవుగా. తింటావా? వేడిగా ఉన్నాయి."

"వద్దండీ. ముందు మీరు లేవండి."

"ఒక్క గంట కూర్చుని పోతాను తల్లీ. ఇవాళే ఆఖరు."

"ఒక్క నిమిషం కూడా కుదరదు."

ముసలామె గోడకి అరచెయ్యి ఆనించి మెల్లగా లేచింది. కుర్చీ మడిచి చంకన పెట్టుకుంది.

"మంచివాళ్లకి అమ్ము," అనేసి వెళ్లిపోయింది.

షెల్బీ హమ్మయ్య అనుకుంది.

సరిగ్గా పదింటికి ఇల్లు కొనడానికి ఓడెట్ వచ్చింది. పిల్లల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి.

"గోడల మందం రెండడుగులు. జూన్ ఎండ కూడా లోపలికి రావాలంటే భయపడుతుంది," మొదలుపెట్టింది షెల్బీ.

"దూలాలు?"

"మెస్కీట్ కర్ర. కొరికితే చెదపురుగుల పళ్లూడిపోతాయి!"

ఓడెట్ నవ్వింది. ఇల్లంతా తిరిగింది. వంటింటి గోడ తట్టి చూసింది. పెరట్లో నిమ్మచెట్టు కింద నిలబడి, నచ్చిందంది. సంచిలోంచి కలం తీసింది.

షెల్బీ కాగితాలు పరిచింది.

"ఒక్క ప్రశ్న," ఓడెట్ ఆగింది. "అటు చూస్తే కార్లు ఆపే స్థలం, ఇటు చూస్తే కార్లు ఆపే స్థలం. వీధికి ఈ పక్కంతా కూల్చేస్తే ఇదొక్కటీ ఎలా మిగిలింది?"

షెల్బీ పరిచిన కాగితాలన్నీ తిరగేసింది. ఆ సంగతి ఎందులోనూ లేదు. జవాబు కోసం వెతుక్కోవడం ఆమె ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

"అదృష్టం... అనుకుంటానండీ."

"అదృష్టం ఇన్నాళ్లు కాపలా కాయదు. ఎవరో పట్టుబట్టి నిలబెట్టి ఉంటారు. ఆ మనిషిని నా కళ్లతో చూశాకే సంతకం."

కలం మళ్లీ సంచిలోకి వెళ్లింది.

ఓడిపోవడం షెల్బీకి చేతకాదు.

"పది నిమిషాలివ్వండి. మనిషిని తెచ్చి మీ ముందు నిలబెడతాను!"

పరుగున రోడ్డు దాటింది. ఎదుటి రొట్టెల కొట్టు ఫౌస్తీనోది. ఆ పేటలో పుట్టి పెరిగినవాడు.

"ఆ ఇల్లు ఎవరి వల్ల మిగిలిందో తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా! రెఫూహియో పెద్దమ్మ వల్ల."

"బతికే ఉన్నారా? ఎక్కడుంటారు?"

"నిన్నటిదాకా ఈ వెనక వీధిలోనే. ఇవాళ ఎల్ పాసోలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది, ఇక రాదు. పదకొండింటి బస్సన్నది, అప్పటిదాకా ఆ గుమ్మం ముందే కూర్చుంటానన్నది. ఏమైందో, కుర్చీ చంకనేసుకుని పదింటి బస్సే ఎక్కేసింది."

షెల్బీ రోడ్డవతలి ఖాళీ గుమ్మం వైపు చూసింది.

"నేనే... లేచి వెళ్లమన్నాను."

ఫౌస్తీనో రొట్టెలు సర్దడం ఆపి ఆమెను వింతగా చూశాడు.

"యాభై ఏళ్ల కిందట పడగొట్టే యంత్రాలు మీదికొచ్చినా తొమ్మిది రోజులు ఆ గుమ్మంలోంచి లేవని మనిషమ్మా ఆవిడ... మీరు ఒక్క మాటంటే లేచిపోయిందా?"