పేరు లేని తోబుట్టువు

అందరూ వెళ్లిపోయాక ఆఫీసు హాయిగా ఉంది. రాసిచ్చిన రూల్స్‌ను బట్టి బంధుత్వాలు తేల్చే జావా ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి ప్రోగ్రామరు తన ఇంటివాళ్ల వివరాలే ఇచ్చింది. ఒక్కగానొక్క కూతురైన ఆమెకు అది తోబుట్టువులను చూపించింది.

నవ్వాపుకోలేక అమ్మకు ఫోన్ చేసింది.

"ఒకే తల్లి పిల్లలు తోబుట్టువులని రూలు రాశానమ్మా. ఇద్దరూ వేర్వేరు మనుషులవ్వాలని రాయడం మర్చిపోయా. నాకు నేనే తోబుట్టువునైపోయా!"

అమ్మ పకపకా నవ్వింది.

కూతురు మాట్లాడుతూనే రూలు సరిచేసి మళ్లీ నడిపింది. జాబితాలోంచి తన పేరు పోయింది. తోబుట్టువు ఒకరు మిగిలారు.

"ఇంకెవరో ఉన్నారే! పేరు దగ్గర ఖాళీగా ఉంది."

అమ్మ నవ్వు టక్కున ఆగింది.

"పేరు పెట్టేదాకా బతకలేదే అది. నీకెవరు చెప్పారు?"

వెనక వరుసలో, ఎవరూ లేని కీబోర్డు మీద, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొడుతున్న చప్పుడు మొదలైంది.