పెద్ద టైర్లు

ముందు పోతున్న నీలం కారును చూస్తే హల్వార్‌కు ఒళ్లు మండిపోయింది.

అది ఎనభైలో పోవలసిన రోడ్డు. తన మీటరు ముల్లేమో డెబ్బై అయిదు దాటడం లేదు.

ఆ కారులో స్టీరింగు పట్టుకున్నది ఒక నెరిసిన తల.

"ఇలాంటి వాళ్లకు లైసెన్సు ఎవడిస్తాడో," అని గొణుక్కుని, హారను మోగిస్తూ దాటేశాడు.

పొద్దున్నే జీపుకు భారీ టైర్లు వేయించాడు. ఆ ఎత్తు నుంచి చూస్తే రోడ్డు మీద మిగతా వాళ్లంతా అతనికి చీమల్లా కనబడుతున్నారు.

రేవులో, దీవికి బండ్లను దాటించే పడవ కదలబోతోంది.

"ఇంకొక్క బండే పడుతుంది," అన్నాడు పడవ మనిషి.

ముందు హల్వార్. వెనక నీలం కారు.

అందులోంచి ఆ నెరిసిన తల ఆవిడ దిగివచ్చి జీపు అద్దం తట్టింది.

"బాబూ, ఈ చోటు నాకిస్తావా? చాలా తొందర."

"తొందరున్నవాళ్లు అలా పాకుతారా ముసలమ్మా?"

"సరిగ్గా ఎనభైలోనే వచ్చాను. నీ టైర్లు పెద్దవి, ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతాయి. ఆ సంగతి మీటరుకు తెలియక తక్కువ చూపిస్తుంది. మా ఇంటాయనా ఇలాగే వేయించి దెబ్బ తిన్నాడు. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం పైనున్న రేకుకు రాసుకుంటున్నాయి కూడా, చూసుకో. అది సరే, నేను వెళ్లేది..."

"నా బండి గురించి నాకే చెబుతావా? ఇంటికెళ్లి మేజోళ్లు అల్లుకో, పో."

అద్దం ఎత్తేసి పడవ ఎక్కాడు.

దీవిలో ఇల్లు చేరేసరికి భార్య సిగ్రున్ గుమ్మం పట్టుకుని వంగిపోయి ఉంది. గడువుకు ముందే నొప్పులు వచ్చేశాయి.

"ఫోన్ ఎందుకెత్తలేదు?"

"పాటల మోతలో వినపడలేదు. పద, ఆసుపత్రికి పోదాం."

"ఆసుపత్రి నుంచి సాయానికి మనిషి బయల్దేరిందన్నారు. కాసేపు చూద్దాం."

"వాళ్లను నమ్ముకుంటే అయినట్టే. ఎక్కు."

రేవు దగ్గరి మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పాడు. టైరు రేకు అంచుకు తగిలి చీలిపోయింది. జీపు పక్కకు ఒరిగి కాలువ గట్టున ఆగింది.

వెనక సీటులోనే బిడ్డ పుట్టింది.

హల్వార్ తన స్వెట్టరులో పట్టుకున్నాడు. బిడ్డ కదలడం లేదు, ఏడవడం లేదు.

తర్వాతి పడవలో వచ్చిన కారు ఒకటి పక్కనే ఆగింది. నీలం కారు.

"జరుగు," అందావిడ.

బిడ్డ నోరూ ముక్కూ తుడిచింది. బోర్లా పట్టుకుని వీపు గట్టిగా రుద్దింది. మళ్లీ రుద్దింది.

బిడ్డ కేరుమంది.

హల్వార్ రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

సిగ్రున్ కళ్లు తెరిచింది. "ముందు పడవకే వస్తానన్నారుగా, బోదిల్ గారూ?"

"చోటు దొరకలేదమ్మా," అంది ఆవిడ, హల్వార్ వైపు చూడకుండా.

సిగ్రున్ నీరసంగా నవ్వి భర్త చెయ్యి పట్టుకుంది. "నువ్వు పరీక్షలకు ఒక్కసారైనా నాతో వచ్చుంటే తెలిసేది హల్వార్, ఇన్ని నెలలూ నన్ను కనిపెట్టుకుని ఉన్న మంత్రసాని ఈవిడే."