ఎవరి తాలూకు మనిషి?

"ఆ మూల కూర్చున్న పెద్దావిడది ఎన్నో నంబరు?" అంది కొత్త డాక్టరమ్మ.

అటెండరు నంబరు చీటీలు సర్దుకుంటూ అన్నాడు, "ఆవిడకి నంబరుండదండీ."

"చేతిలో పిల్లా లేదు, పిల్లాడూ లేడు. పిల్లల ఆసుపత్రిలో ఆవిడకేం పని?"

అటెండరు గొంతు తగ్గించాడు. "పెద్ద డాక్టరుగారి తాలూకండీ. వదినగారు."

పక్క బల్ల దగ్గరున్న పెద్ద డాక్టరుగారు స్టెతస్కోపు చెవుల్లోంచి తీశారు.

"నాకు వదినెవరయ్యా? ఆవిడ మీ అక్క కదూ?"

"మా అక్కా! నేను ఉద్యోగంలో చేరిన రోజుకే ఆవిడ ఇక్కడ కూర్చుని ఉందండీ."

"నువ్వు చేరాకే కదా నేను చూశాను?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఈయన తాలూకని ఆయనా, ఆయన తాలూకని ఈయనా ఆవిడకి మర్యాద చేస్తూ వచ్చారన్నమాట. అంత చదువుకున్న ఆయనా అడగలేదు, ఇంత వాగుడుకాయా అడగలేదు.

కొత్త డాక్టరమ్మకి నవ్వు రాలేదు.

"తల్లులు పిల్లల్నెత్తుకుని నిలబడుతున్నారు సార్. ఊరికే కూర్చునేవాళ్లకి బెంచీ ఎందుకు? ఇంకో మాట. పొద్దుట్నుంచి చూస్తున్నాను, మధ్యమధ్యలో నంబరు తప్పించి పంపిస్తున్నారు. నేనుంటే అలా కుదరదు. ఎవరికైనా వరసే."

పెద్ద డాక్టరుగారు తలూపారు. ఊపక ఏం చేస్తారు? ఆయనకి డెబ్బై రెండేళ్లు. సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. తన కుర్చీలో కూర్చునే మనిషి కోసం రెండేళ్లుగా వెతుకుతున్నారు. వచ్చిన ఆరుగురిలో ఒకాయన ఊరు చూసి వెళ్లిపోయాడు. ఒకాయన ఉండటానికిచ్చే మేడమీది గది చూసి వెళ్లిపోయాడు. రోజుకి ఎనభై మంది పిల్లలనగానే మిగతావాళ్లకి ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి.

ఈమె ఏడో మనిషి. బాగా చదువుకుంది. పిల్లలంటే ఇష్టం. ఈమె కూడా కాదంటే ఆసుపత్రికి తాళమే. ఆ పైన ఈ ఊళ్లో ఏ బిడ్డకి జ్వరమొచ్చినా మూడు గంటలు బస్సులో పోవాలి.

ఆయనే లేచి హాల్లోకి వెళ్లారు.

"ఏమనుకోకండమ్మా. రేపట్నుంచి మీరిక్కడ కూర్చోవడానికి వీల్లేదు."

ఎందుకని ఆవిడ అడగలేదు.

"కొత్తమ్మగారు అవసరమైతే నంబరు తప్పించి చూస్తారా బాబూ?"

"లేదమ్మా. ఇక ఎవరికైనా వరసే."

ఆవిడ బెంచీ మీది పిల్లల్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్కొక్కరినీ చూసింది. తర్వాత చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులు ఏ గొడవా లేదు. తోపులాట లేదు, "నా కంటే వెనకొచ్చినవాళ్లని ఎలా పంపారు?" అన్న అరుపుల్లేవు. కొత్త డాక్టరమ్మ ఉండిపోతానంది. పెద్ద డాక్టరుగారు ఆ రెండు రోజులూ కడుపునిండా తిన్నారు.

మూడో రోజు పొద్దున ముప్ఫయ్యో నంబరు పిలిస్తే, ఒకామె ఏడాది పిల్లాణ్ణి భుజాన వేసుకుని లోపలికొచ్చింది.

"రెండు గంటలైందండీ వచ్చి. పాపం, ఒక్కసారి కూడా ఏడవలేదు."

కొత్త డాక్టరమ్మ పిల్లాణ్ణి తిప్పి చూసింది. పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. డొక్కలు ఎగరేస్తున్నాడు.

అరగంట సేపు ఆ గదిలో పని మాట తప్ప వేరే మాట లేదు. ఆక్సిజన్ పెట్టారు, సూదిమందు ఎక్కించారు. చివరికి పిల్లాడు గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని కొత్త డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఇంకో పది నిమిషాలైతే దక్కేవాడు కాదు సార్. ఇన్నేళ్లలో మీకెప్పుడూ ఇలా కాలేదా?"

"ఎన్నో ఏళ్లుగా లేదమ్మా. ప్రాణం మీదికొచ్చిన పిల్లలు ఎప్పుడూ ముందే వచ్చేసేవాళ్లు. అదంతా మా అటెండరు చూపు."

అటెండరు తల దించుకున్నాడు.

"నా చూపు కాదండీ, ఆవిడ చూపు. బెంచీ వెంట నడుస్తూ పిల్లల ఒళ్లు తాకి చూసేది, ఛాతీ దగ్గర చెవి పెట్టేది. 'ఏడ్చేవాళ్లు ఆగుతారు నాయనా, ఈ ఏడవని బిడ్డని ముందు పంపు' అనేది. మీ వదినగారి మాట కదా అని నోరెత్తకుండా పంపేవాణ్ణి."

పెద్ద డాక్టరుగారు మెల్లగా కూర్చున్నారు.

ఆయన హస్తవాసి గొప్పదని ఊరంతా అనేది. ఆయనా కాబోలనుకున్నారు. రోజుకి ఎనభై మంది చొప్పున ఇన్నేళ్లు! ఆ హస్తవాసి ఎవరిదో ఆయనకి ఇప్పుడు తెలిసింది.

"ఆవిడుంటేనే నేనుంటాను సార్," అంది కొత్త డాక్టరమ్మ. "ఆవిడ వెనకాల నడిచి నేర్చుకోవాలి నేను."

ముగ్గురూ వాకబు చేసుకుంటూ వెళ్లారు. ఆసుపత్రి వెనక వీధిలో, పిండిమర పక్కన ఒంటి గది. తాళం వేసి ఉంది. ఆ గది అద్దెకిచ్చిన ఇంటావిడ బట్టలారేస్తోంది.

"నిన్ననే ఖాళీ చేసి వెళ్లిపోయిందండీ. ఎక్కడికో చెప్పలేదు. ఈ ఊళ్లో ఇక నాకు పనేముందంది."

"ఆవిడ ఏ పెద్దాసుపత్రిలో నర్సుగా చేశారు?" కొత్త డాక్టరమ్మ ఆత్రంగా అడిగింది.

"నర్సా! ఆవిడకి సంతకం పెట్టడమే రాదమ్మా."

"మరి జబ్బు పిల్లల్ని అంత బాగా ఎలా కనిపెట్టేది?"

ఇంటావిడ పెద్ద డాక్టరుగారి వంక చూసి, చేతిలోని తడిబట్ట మళ్లీ బకెట్లో పడేసింది.

"ఈ ఆసుపత్రి తెరిచిన కొత్తలో, నంబరు వచ్చేదాకా ఆగమంటే ఆగి, మీ బెంచీ మీదే ఒళ్లో బిడ్డని పోగొట్టుకున్న తల్లండీ ఆవిడ."